ఎర్రలను చంపిందెవరు?

శుక్రవారం ఉదయం ఏడున్నర. చివ్వెంల దగ్గరి ఆ ఊళ్లో ఎస్సై శ్రీజ జీపు దిగింది.

శవాలు వేలల్లో ఉన్నాయి. అన్నీ వానపాములే. ఊళ్లో వాటిని ఎర్రలంటారు.

ఎర్రలతో పేడను ఎరువుగా మార్చే రాణి షెడ్డులో రెండు బెడ్లూ ఖతం. సాయంత్రం వ్యవసాయాధికారి చూడటానికి వస్తున్నాడు. నచ్చితే రాణిని కోదాడలో రైతులకు నేర్పే ట్రైనర్‌గా తీసుకుంటాడు. ఇప్పుడు ఆయనకు ఏం చూపించాలి?

"రెండు దినాలు మిర్యాలగూడల మా అమ్మగారింట్ల ఉన్న మేడం. పొద్దుగాల వచ్చి బెడ్డు మీది గోనెసంచి లేపిన. ఒక్క ఎర్ర కదుల్తలేదు," అంది రాణి కళ్లు తుడుచుకుంటూ.

"అనుమానం ఎవరి మీద?"

"కిష్ట్యా మీద. యూరియా దుకాణం ఆయనదే. నన్ను చూస్తే మొకం తిప్పుకుంటడు."

"ఆయననే మేడం. పురుగుల మందు కొట్టిండు," అంది పక్కింటి గోపమ్మ. రాణికి తోటికోడలు. ఇద్దరి ఇళ్ల మధ్యే షెడ్డు. గోపమ్మ వాకిలి తడిగా ఉంది, మీద పెద్ద ముగ్గు. వెనక కొట్టంలో నాలుగు బర్రెలు.

శ్రీజ కిష్ట్యాను పిలిపించింది.

"రెండు రోజులు ఎక్కడున్నవ్?"

"హుజూర్‌నగర్‌ల. బావమరిది పెండ్లి."

"రాణి మీద కోపమా?"

"గిరాకీ పోయింది, కోపమెందుకుండది? కానీ నేను మందు కొడితే వాసన రాదా?"

శ్రీజ బెడ్డులోకి మోచేతి దాకా చేయి పెట్టింది. మందు వాసన లేదు. చేయి మాత్రం చురుక్కుమంది.

ఊళ్లోకి వెళ్లి ఒక చుట్టు తిరిగి వచ్చింది. ముగ్గురినీ షెడ్డులో నిలబెట్టింది.

"ఇది విషం కాదు, పచ్చి పేడ. చల్లారిన పేడ ఎర్రలకు తిండి. పచ్చిది మందంగ పోస్తే లోపల ఉడుకుతది, ఎర్రలు సస్తయి. తెలిసినోళ్ల పనే. ఎవరింటి పేడ?"

"ఊరంతా పేడే కద మేడం," అంది గోపమ్మ.

"అవును. అందుకే ఊళ్లె ప్రతి వాకిలీ పచ్చగుంది, నీది తప్ప. ఇంట్ల నాలుగు బర్లు పెట్టుకొని శుక్రవారం పూట ఉత్త నీళ్లు చల్లినవ్. వాకిట్ల సాన్పి చల్లనీకి గుప్పెడు పేడ దొరకలేదా?"

"పేడంత పెంటకుప్ప మీద పోసిన."

"సూసొచ్చిన. పెంట పైపొర ఎండిపోయుంది."

గోపమ్మ కోపంలో కొట్టంలోని పేడంతా ఊడ్చి షెడ్డులోకి మోసింది. వాకిలికి కాస్త మిగల్చాలన్న సోయి కూడా లేకపోయింది.

"దీని ఎరువుకు పేడ నాది. రోజూ ఎత్తేది నేను," అంది చివరికి. "పేపర్ల ఫోటో దీనిది. బస్సుల ఎవలో అడిగిండ్రు, రాణి తోటికోడలివా అని. దీనికంటె ముందుగాల గీ ఇంటికొచ్చిన. నాకు పేరు లేదా? కడుపు మండింది మేడం."

ఆగి, మెల్లగా చెప్పింది. "అన్నీ సావలేదు. ముందే ఒక తొట్టి నిండ తీసి కొట్టంల దాసిన. ఎర్రల కోసం ఈ రాణి నా గడప తొక్కి అడగాలె."

"కేసు రాయమంటవా?" శ్రీజ రాణిని అడిగింది.

కేసు రాస్తే గోపమ్మ ఎర్రలివ్వదు, బెడ్లు బతకవు. రాణి గంపెడు కోపాన్ని దిగమింగింది.

"వద్దు మేడం. అక్కా, ఎర్రలిస్తవా?"

"ఇస్త. ఆఫీసరు అడిగితే నా పేరు చెప్పాలె."

"సరే."

సాయంత్రం అధికారి తొట్టిలో చేయి పెట్టాడు. ఎర్రలు కుప్పలుగా కదిలాయి.

"ఇంత బాగా ఎవరు పెంచుతున్నారు?"

రాణి గోపమ్మ వైపు చూపించింది. "మా అక్క, గోపమ్మ."

"అయితే కోదాడకు ఈమెనే పంపిద్దాం."

ఫోటో తీసేటప్పుడు రాణిని కాస్త పక్కకు జరగమన్నారు. జరిగింది. నవ్వింది కూడా. లోపల మాత్రం భగ్గుమంది.

గోపమ్మ ఆ నవ్వును చూసింది. అటువంటి నవ్వు తానూ ఏడాదిగా నవ్వుతూనే ఉంది.

ఆ సాయంత్రమే గోపమ్మ, ఎర్రల తొట్టి ఉన్న కొట్టానికి తాళం వేసింది.