కత్తిరించిన మూల

ఏసురత్నం గారింట్లో ఎవరూ జేబురుమాలు కొనుక్కున్న పాపాన పోలేదు. ఆయన యూనివర్సిటీ బిల్డింగ్ ఆఫీసులో నక్షాలు గీసే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. అక్కడ పెన్సిలు నక్షా మీద పరచి సిరాతో నకలు తీసేటప్పుడు పాడైపోయిన ట్రేసింగ్ గుడ్డలన్నీ తార్నాకలోని ఆ ఇంటికే చేరేవి. గంజి దట్టంగా పట్టించి అద్దంలా మెరిసే ఆ నీలిరంగు గుడ్డల్ని భార్య మరియమ్మ సబ్బునీళ్ళలో ఉడకబెట్టేది. గంజీ సిరా కరిగిపోయి, ఆయన గీసిన గోడలూ మెట్లూ నీళ్ళలో కలిసిపోయి, తెల్లటి సన్నబట్ట మిగిలేది. ఇద్దరు కూతుళ్ళూ ఆ బట్టతో కుట్టిన గౌన్లలోనే పెరిగారు.

దానికొక నియమం ఉంది. మూల కత్తిరించిన గుడ్డే బానలో పడాలి. కుడివైపు కింది మూలలో గీసినవాడి పేరుంటుంది. ఆ మూల పోయిందంటే ఆ షీటు చచ్చిందని లెక్క.

ఆ పొద్దున మరియమ్మ కుంపటి మీద బాన పెట్టి కర్రతో కలుపుతోంది. మెట్టుగూడలో ఉన్న పెద్దకూతురి బిడ్డకు ఆదివారం బాప్తిస్మం, గౌను కుట్టాలి. ఏసురత్నం గారు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. చిన్నకూతురు హెలెన్ జడ వేసుకుంటోంది. అంతలో పక్కింటి వెంకటస్వామి గోడ మీదుగా తల పెట్టాడు. క్యాంపస్‌లో మెషిన్ లాబ్ అటెండరు.

"హెలెనమ్మా, మా సాబు యాది చెయ్యమన్నడు. షీట్లు నాలుగింటి లోపల జమ చెయ్యాల్నంట. లేటయితే తీస్కోడు."

"తయారుగానే ఉందండీ. మధ్యాహ్నమే తెస్తాను."

తయారుగా ఉండక ఏం చేస్తుంది? ఉన్నది ఒక్క ఉద్యోగం. పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివిన ఆడపిల్లను మెషిన్ డ్రాయింగుకు పిలవడమే గొప్ప. పంపు వాల్వు ఒకటి చేతికిచ్చి, కొలతలు తీసి, సొంత చేత్తో గీసి సిరాతో ట్రేస్ చేసి తెమ్మన్నారు. వారమంతా మెడ విరిగేలా గీసింది పిల్ల.

హెలెన్ బీరువా మీద చెయ్యి పెట్టి చూసింది. చుట్టి పెట్టిన ట్రేసింగ్ గుడ్డ అక్కడ లేదు. మంచం కిందా, తలుపు వెనకా వెతికింది.

"అమ్మా, నా ట్రేసింగ్ చుట్ట చూశావా?"

"నీదాన్ని నేనెందుకు ముట్టుకుంటానే? మీ నాన్న ఇచ్చినది ఒకటి ఉంటే బానలో వేశాను. మూల కత్తిరించే ఉంది."

హెలెన్ పరుగున వచ్చి బానలోకి చూసింది. తల్లి చేతిలోంచి కర్ర లాక్కుని గుడ్డను పైకి లేపింది. నల్లటి నీళ్ళు బొటబొటా కారాయి. ఒక అంచున ఇంకా కరగని నాలుగు వంకర గీతలు మిగిలున్నాయి. అవి వాల్వు లోపలి స్ప్రింగువి.

మరియమ్మకు అప్పుడర్థమైంది. తడి చేతులతోనే లోపలికి వెళ్ళింది.

"ఏవండీ! అది పిల్లదని తెలిసే ఇచ్చారా?"

ఆయన గడ్డం మీద సబ్బు తుడుచుకున్నారు. "తప్పు షీటు అది. దాన్ని పట్టుకెళితే నా పరువు పోతుంది. వస్తువును పైనుంచి చూసిన బొమ్మ తీసుకెళ్ళి ఎదుటి బొమ్మకు పైన పెట్టింది. మొదటి సంవత్సరం పిల్లలు కూడా కింద పెడతారు."

"అది కొత్త పద్ధతి నాన్నగారూ!" హెలెన్ గొంతు వీధిలోకి వినిపించింది. "పైనుంచి చూసింది పైన, కుడినుంచి చూసింది కుడిపక్క. ఇప్పుడు కాలేజీలన్నిట్లో ఇదే. మీ ఆఫీసుకూ ఉత్తర్వు వచ్చింది. మీరే సొరుగులో పడేసి తాళం వేశారు!"

"నాకు చెప్పకు! బెజవాడ కాలవల ఆఫీసులో చేరినప్పుడు కుంచె పట్టి ఇటుకకు ఎరుపు, ఇనుముకు నీలం, చెక్కకు గోధుమరంగు వేశాం. బ్లూప్రింట్లు వచ్చి రంగులు పోయాయి. సరేనని గీతలతోనే బతికాం. సర్వే మ్యాపులు గీశాను, వంతెనలు గీశాను, ఈ క్యాంపస్‌లో సగం గోడలు నా చేతివే. ఎన్ని మారినా పై బొమ్మ కిందే ఉంది!"

"మీరు గోడలు గీశారు. గోడ వంకరైతే సున్నం కొట్టి కప్పేస్తారు. నేను గీసేది యంత్రం. ఒక బొమ్మ అటుది ఇటు చదివితే రంధ్రం ఎడమకు పడాల్సింది కుడికి పడుతుంది. అందుకే వాళ్ళడిగిన పద్ధతిలో గీశాను. నచ్చకపోతే నాతో అనాలి. తిట్టాలి. కత్తెర పట్టుకుంటారా? నా పేరు కత్తిరిస్తారా?"

"నోరు మూసుకో!"

"అది మూసుకోదు," అంది మరియమ్మ. ఆవిడ గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ మీరు మూల కత్తిరించి ఇస్తే నమ్మి ఉడకబెట్టాను. నా బిడ్డ కష్టాన్ని నా చేతే ఉడకబెట్టించారు కదండీ! మీకు చేతులు రాక నా చేతులు వాడుకున్నారా?"

గోడవతల నుంచి వెంకటస్వామి, "ఏంది సార్, పొద్దుగాల్నే గీ లొల్లి?" అన్నాడు.

ఏసురత్నం గారు కుర్చీలో కూలబడ్డారు. జేబులోంచి ఒక చిన్న గుడ్డముక్క తీసి బల్ల మీద పెట్టారు. "గీసినది: హెలెన్." అచ్చుగుద్దినట్టున్న అక్షరాలు. ఆయన నేర్పిన అక్షరాలే.

"పారెయ్యలేకపోయాను," అన్నారు. "దిద్దుదామనే విప్పానమ్మా. చూస్తుంటే ఏ బొమ్మ దేనిదో తెలియలేదు. మళ్ళీ చూశాను. అంతా తలకిందులుగా కనిపించింది. గీత చూస్తే నా గీత కంటే బాగుంది. నా కూతురు గీసింది నాకు చదవడం రాలేదని ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో కుర్రాళ్ళు నవ్వుతుంటే వచ్చిన మంట కూడా దీని మీదే చూపించాను."

హెలెన్ జాలిపడలేదు. జాలిపడే తీరిక లేదు. పెన్సిలుతో గీసిన కాగితం పరుపు కింద భద్రంగా ఉంది. దాన్ని తెచ్చి బోర్డు మీద బిగించింది. పైన పరచడానికి కొత్త గుడ్డ లేదు. నల్లకుంట వెళ్ళి కొనుక్కొచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది.

ఆయన లేచి ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక చుట్ట తెచ్చారు. బెజవాడ నుంచి వచ్చేటప్పుడు తోటివాళ్ళు బహుమానంగా ఇచ్చిన సీమ ట్రేసింగ్ గుడ్డ. వాడటానికి ఏనాడూ మనసొప్పలేదు. దాన్ని విప్పి పరచి, సిరా గీతలు గీసే రూలింగ్ పెన్ను అందుకోబోయారు.

"ముట్టుకోకండి. అది నా చేతిపనే అయి ఉండాలి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆఫీసుకు వెళ్ళలేదు. సిరా నిలిచేలా గుడ్డకు సుద్దపొడి రాశారు. పెన్ను ఎండినప్పుడల్లా తుడిచారు. కిటికీ లోంచి ఎండ పడుతుంటే దుప్పటి కట్టారు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు ఆ పూట కూతురి దగ్గర చిల్లరపని చేశారు. ఆమె తలెత్తకుండా గీస్తూనే ఉంది. మరియమ్మ ఇద్దరికీ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. కూతురికి పెట్టినంత ప్రేమగా మొగుడికి పెట్టలేదు.

చివర మూలలో పేరు రాసి, సిరా ఆరగానే హెలెన్ చుట్ట పట్టుకుని క్యాంపస్ రోడ్డున దాదాపు పరిగెత్తింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. "తీసుకున్నారమ్మా. సోమవారం నుంచి రమ్మన్నారు," అంది తల్లితోనే, తండ్రి వినేలా. మరియమ్మ కూతుర్ని దగ్గరకు లాక్కుని ఏడ్చేసింది.

ఏసురత్నం గారు బోర్డు మీంచి తలెత్తలేదు. అప్పటికే వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి ఎదురుగా పెట్టుకుని ఉన్నారు. కాగితం మీద దాన్ని ఎదుటినుంచి, పైనుంచి, కుడినుంచి చూసిన మూడు బొమ్మలు పెన్సిలుతో గీసి ఉన్నాయి. హెలెన్ వంగి చూసింది. పైనుంచి చూసిన బొమ్మ పైన ఉంది. మూలలో "గీసినది: ఏసురత్నం" అని రాసి ఉంది. పక్కన "సరిచూసినది" అన్న గడి ఖాళీగా ఉంది.

"చూడమ్మా," అన్నారాయన.

ఆమె చాలాసేపు చూసింది. ఎర్ర పెన్సిలు తీసి ఒక బొమ్మ చుట్టూ సున్న చుట్టింది.

"కుడినుంచి చూసింది ఎడమపక్క పెట్టారు. పాత అలవాటు."

ఆయన ముఖం చిన్నబోయింది. చెయ్యి కాగితం మూల దగ్గరికి వెళ్ళింది, అలవాటుగానే. హెలెన్ ఆ చెయ్యి పట్టుకుంది. పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"మూల చింపకండి నాన్నగారూ. షీటు పాడవలేదు. ఆ ఒక్కటీ తుడిచి మళ్ళీ గియ్యండి. నేను సంతకం పెడతాను."

ఆయన రబ్బరు అందుకున్నారు.