గొంతుదొంగ రెండో రాక

ఆ ఇంట్లోకి వచ్చే ఏ సరుకైనా ముందు ఇంటివాళ్ల పరీక్షకు నిలవాలి. కింద కొట్లో అమ్మే కొత్త రంగు అయినా అంతే, కూతురు రాసే సినిమా కథ అయినా అంతే. కొట్టు తెరవడానికి ఇంకా వ్యవధి ఉంది. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కూతురు వంటగది గుమ్మంలో నిలబడి చేతులు ఊపుతూ కథ చెబుతోంది.

ఆమె రాసిన సినిమా మొదటి భాగం ఊరంతా చూసింది. ఆకాశం నుంచి పడిన ఒక జీవి మనుషుల గొంతులు దొంగిలిస్తుంది, ఆ గొంతుతోనే వాళ్ల అయినవాళ్లను పిలిచి చంపుతుంది. దానికి జనమే గొంతుదొంగ అని పేరు పెట్టేశారు. సినిమాలో దాని నుంచి బతికి బయటపడ్డ కుటుంబం అచ్చం వీళ్లేనని తెలిసినవాళ్లంతా కనిపెట్టేశారు. పెయింటర్లు కొట్లోకి వస్తూనే తండ్రిని "ఇంకా బతికే ఉన్నారా సార్" అని పలకరించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కొట్టుకు అంత చవగ్గా ప్రచారం ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు రెండో భాగం. ముగింపు ఏమిటో ఈ పూటే దర్శకుడికి చెప్పాలి. ఆయన ఒప్పుకుంటే రేపే ఆయన దగ్గరికి ప్రయాణం.

"అమ్మా, నాన్నా, తమ్ముడూ గోదాములో దాక్కున్నారు. అక్క బ్యాటరీల కోసం బయటికెళ్లింది."

"అక్కంటే నువ్వేగా," అన్నాడు తమ్ముడు. "పోయినసారి సినిమా అంతా నన్ను బీరువాలో కూర్చోబెట్టావ్."

"ఈసారి నీకు పరుగులున్నాయి లేరా. విను. బయట అడుగుల చప్పుడు. ఆగింది. తర్వాత అక్క గొంతు. అమ్మా, నేనే, తలుపు తీయ్."

"తీయొద్దు," అన్నాడు తండ్రి, కప్పు గాల్లోనే ఆపి.

"అమ్మ తీస్తుంది నాన్నా."

రొట్టెకు వెన్న రాస్తున్న తల్లి తలెత్తింది. "నేనా?"

"గొంతు వినగానే ఆగలేక పరుగెత్తుకెళ్లి తీసేస్తావ్. అది నిన్ను చంపుతుంటే నాన్నా, వీడూ వెనక దారిన తప్పించుకుంటారు. అక్క తిరిగొచ్చేసరికి అమ్మ లేదు. హాలంతా ఏడుస్తుంది చూడు."

హాలు సంగతేమో గానీ వంటగదిలో ఆ చావు ఎవరికీ నచ్చలేదు. బేరం చెడుతున్నప్పుడు మధ్యలో దూరడం తండ్రికి అలవాటు.

"అమ్మడూ, మీ అమ్మ బదులు నన్ను పంపించు. నా మోకాళ్లతో ఎలాగూ పరుగెత్తలేను."

"నువ్వు పోతే అంత ఏడవరు నాన్నా."

"ఏం, నాకేం తక్కువ?"

తమ్ముడు నవ్వాడు. తల్లి నవ్వలేదు.

"ఏమే, నీ గొంతుకీ దాని గొంతుకీ తేడా తెలియదా నాకు?"

"అచ్చం నా గొంతే అమ్మా. మిషన్లు కూడా పట్టుకోలేవు."

"మిషను కన్నదా నిన్ను?"

"అబ్బా, కథ అమ్మా ఇది."

"ఆయనకూ వీడికీ తప్పించుకునే తెలివి ఇచ్చావ్. నా వంతుకొచ్చేసరికి బుద్ధిలేని చావు మిగిలిందా?"

కూతురికి దర్శకుడి ఫోను గుర్తొచ్చి కంగారు పుట్టింది. కంగారులో నోరు జారింది. "నన్ను గుర్తుపడతావని ఎలా రాయమంటావ్? లేచిన దగ్గర్నుంచి ఆ రాతలు మానేసి కొట్లో కూర్చో అంటావ్. నేనెవరో తెలిసిన మనిషి అనే మాటేనా అది?"

తల్లి చాకు కింద పెట్టి, తాళాల గుత్తి తీసుకుని బయటికి నడిచింది. ఆ మాటకు ఎంత ధర పలికిందో, ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ కూతురు లెక్క వేసుకుంది. కాసేపటికి తనూ దిగింది. కొట్టు షట్టరు లోపలినుంచి మూసి ఉంది.

"అమ్మా, తలుపు తీయ్."

"ఎవరు?"

"నేనేనమ్మా."

"గొంతుదొంగవేమో, ఎవరికి తెలుసు."

అచ్చం తను చెప్పిన సీనే కూతురి ముందు నిలిచింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. మెట్ల మీదికి చేరిన తండ్రికీ తమ్ముడికీ మాట్లాడొద్దని సైగ చేసి, షట్టరుకు చెంప ఆనించి గొంతు మెత్తగా మార్చింది. "అమ్మా, భయంగా ఉంది. తొందరగా తీయ్."

"తీస్తాను. ముందు ఆ సినిమాలు మానేసి రేపటినుంచి కొట్లో కూర్చుంటానని చెప్పు."

లోపలికి చేరాలంటే గొంతుదొంగ దేనికైనా ఒప్పుకుంటుంది కదా. "అలాగేనమ్మా, కూర్చుంటాను," అంది కూతురు తియ్యగా.

లోపల గడియ ఇంకా బిగిసిన చప్పుడు. "ఏవండీ, పిల్లాణ్ణి తీసుకుని వెనకనుంచి పరుగెత్తండి. బయట ఉన్నది మన పిల్ల కాదు."

తండ్రి నిజంగానే ఒక మెట్టు ఎక్కేశాడు.

కూతురు కదల్లేదు. "ఎలా తెలిసింది?" అనడిగింది తన మామూలు గొంతుతో.

"చెప్పిన ధరకు నోరెత్తకుండా సరే అనేవాడు కొనడానికి రాలేదనే లెక్క. అసలువాడు గింజుకుంటాడు. ఆ మాటకు నా కూతురు ఈ జన్మలో సరే అనదు."

"తెలిసీ ఎందుకమ్మా రోజూ అడుగుతావ్?"

లోపల గడియ తీసిన చప్పుడు.

"కాదని కసురుతావే, అది వినడానికి. బయట ఎవరెవరితోనో నెగ్గుకు రావాలి నువ్వు. ఇంట్లో నా మీద అంత గట్టిగా లేస్తుంటే, బయట కూడా ఎవరికీ లొంగవులే అని ధైర్యం. మెత్తగా సరే అన్నావంటేనే నాకు భయం."

షట్టరు పైకి లేచింది. కూతురు ముఖం తడిసిపోయి ఉంది. తల్లి కొంగుతో గట్టిగా తుడిచి, "ఉండవే, హాల్లో జనానికి కూడా కాస్త మిగల్చు," అంది. ఆమె కళ్లూ పొడిగా లేవు.

అప్పుడే ఫోను మోగింది. దర్శకుడు.

"అమ్మ చావదండీ," అంది కూతురు ఒక్క ఊపిరిలో. షట్టరు దగ్గరి సంగతంతా చెప్పేసింది. "లేదండీ, గాయం కూడా కాదు. ఎవరూ చావకపోతే ఎందుకేడుస్తారా? ఇక్కడ నేను ఏడుస్తున్నానండీ. ఈ ముగింపు వద్దంటే ఇంకెవరితోనైనా రాయించుకోండి."

అవతల నిశ్శబ్దం. కూతురు మళ్లీ ఏదో అనబోయింది. మాట్లాడకన్నట్టు తల్లి వేలు అడ్డంగా ఊపింది. బేరంలో ముందు నోరు తెరిచినవాళ్లే తగ్గాల్సి వస్తుంది. నలుగురూ ఫోను చుట్టూ చేరారు.

కూతురి ముఖం మెల్లగా విచ్చుకుంది. "సరేనట. రేపు రమ్మంటున్నాడు."

"సరే అన్నాడా?" తండ్రి అనుమానంగా చూశాడు. "అసలు దర్శకుడేనా వాడు?"

"గింజుకునే అన్నాడుగా, అసలువాడే," అంది తల్లి. తాళాల గుత్తి భర్త చేతిలో పెట్టి, కూతురి పెట్టె సర్దడానికి మెట్లెక్కింది.