అరవని అమ్మ

అమ్మ ఈ రోజు కూడా అరవలేదు!

అల్లుడి చేతిలోంచి కాఫీ కప్పు జారి ముక్కలైంది. ఒకప్పుడైతే "చూసుకోవద్దా నాయనా!" అంటూ ఇల్లు పీకి పందిరేసేది. అలాంటి మనిషి నెమ్మదిగా వంగి, ఒక్కో ముక్కా ఏరి, కాగితంలో చుట్టి పారేసి వచ్చింది. ముఖంలో కోపం లేదు, విసుగూ లేదు! కూతురు బుల్లి గుండెల్లో రాయి పడింది.

కాన్సర్ చికిత్స మొదలైనప్పటి నుంచీ అమ్మ కూతురి ఇంట్లోనే ఉంటోంది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, జుట్టు మళ్ళీ మొలిచింది. చివరి పరీక్షల ఫలితాలకు మాత్రం ఒక్కతే వెళ్ళింది. "బాగానే ఉందన్నారు" అని ముక్తసరిగా తేల్చేసింది. అప్పటినుంచే ఈ మార్పు! అన్నం ముద్ద ఎంతసేపో నములుతుంది. కుట్టుమిషన్ దగ్గర కూర్చుని గుడ్డను అరచేత్తో నిమురుతుంది. మనవరాలికి జడ వేస్తూ ఒక్కో పాయనూ తనివితీరా చూసుకుంటుంది... వదిలి వెళ్ళిపోయేవాళ్ళ చూపులు కావూ ఇవి!

"అత్తయ్య అరవకపోవడం కూడా జబ్బేనా? నా ప్రాణానికి హాయిగా ఉంది" అన్నాడు భర్త.

"మీకన్నీ వేళాకోళాలే! అమ్మ ఏదో దాస్తోందండీ..." అంది బుల్లి.

వారం వారం గుడ్డలు కొనాలని బయల్దేరి ఉత్త చేతులతో తిరిగొస్తోంది అమ్మ. ఆ వారం బుల్లి స్కూల్లో పిల్లల్ని ఇంకో టీచరుకి అప్పగించి వెనకాలే వెళ్ళింది. అమ్మ ఆసుపత్రి మేడ ఎక్కింది! అద్దాల తలుపులోంచి చూస్తే, లోపల కొందరు ఆడవాళ్ళు కుర్చీల్లో కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆశ వదిలేసినవాళ్ళను కూర్చోబెట్టే గది కాబోలు! బుల్లి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"అమ్మా! మళ్ళీ వచ్చిందా? నిజం చెప్పు!"

అందరూ కళ్ళు తెరిచారు. అమ్మ నిర్ఘాంతపోయింది.

"తగ్గిందనే చెప్పారే, పిచ్చిదానా!"

"మరి ఆ చూపులేంటి? ఆ మౌనమేంటి?"

"తగ్గిందన్న రోజునుంచే భయం ఎక్కువైంది. ముద్ద గొంతు దిగేది కాదు. తినేటప్పుడు ముద్ద మీదే మనసు పెట్టమని ఇక్కడ ఈ ధ్యానం క్లాసులో నేర్పారు. భయమొస్తే, వచ్చిందని చూసి ఊరుకుని, మనసును మళ్ళీ ఊపిరి మీదకి తెమ్మన్నారు. భయం పోలేదే... ముద్ద మాత్రం దిగుతోంది."

"నాకు చెప్పొచ్చు కదమ్మా..."

"చెబితే నవ్వేస్తావు! కీమో పెట్టినన్నాళ్ళూ నవ్వావు. జుట్టు కుచ్చులుగా ఊడొస్తుంటే నవ్వావు. డాక్టరు నీకేదో చెప్పాడనీ, నాకు దాస్తున్నావనీ ఎంత కుమిలిపోయానో! తగ్గిందని ఆయనే నా మొహాన చెప్పినా, అదీ నువ్వు చెప్పించిన మాటేమో అనుకున్నాను."

అన్నాళ్ళూ స్కూలు బాత్రూంలో పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికి వచ్చేది బుల్లి. అమ్మ బెంగపడకూడదనే కదా ఆ నవ్వంతా!

అమ్మ పక్క కుర్చీ దగ్గరకు లాగింది. బుల్లి అందులో కూలబడింది. ఇంత కాలం దాచుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది. అమ్మ ఎదురుగానే, అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చింది! అమ్మ ఊరుకోమనలేదు, కళ్ళు తుడవలేదు. చెయ్యి పట్టుకుని ఆ ఏడుపునే చూస్తూ కూర్చుంది.

"నువ్వింకేమీ దాచడం లేదని ఇప్పుడు నమ్మకం కుదిరిందే బుల్లీ..." అంది చివరికి. "నాకు నిజంగానే తగ్గింది."