హద్దు రాయి కింద బొగ్గులు

"మీ కంచె మా జాగలకు రెండడుగులు వచ్చింది, ఏజాజూ!" పక్కింటి లక్ష్మీకాంతమ్మ అవ్వ గొంతు పెంచింది.

"హద్దు రాయి చూసే కంచె కడీలు పాతిన. ఇల్లు అమ్మేటప్పుడే నీకు గీ పంచాయితీ యాదికొచ్చిందా? అబద్ధాలాడకు అవ్వా!" అన్నాడు అనం వాళ్ల అబ్బా ఏజాజ్.

అవ్వ మొహం చిన్నబోయింది.

అరుగు మీద కూర్చున్న పదేళ్ల అనం ఉలిక్కిపడి లేచింది. కంచె వేయకముందు, బ్యాడ్మింటన్ ఆడుకోవడానికి జాగా చాలడం లేదని, వానకు వదులైన ఆ రాయిని అవతలికి దొర్లించింది తనే. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇల్లు కొనడానికి వచ్చిన యాదగిరి అంకుల్ టేపు చుట్టేశాడు. "పంచాయితీ ఉన్న ఇల్లు నాకొద్దన్నా" అంటూ బండి వైపు నడిచాడు.

ఈ ఇల్లు అమ్మితేనే అబ్బా మేడ్చల్‌లో సైకిల్ రిపేరు షాపు పెట్టుకోగలడు. నిజం చెబితే వీపు విమానం మోత మోగడం ఖాయం. చెప్పకపోతే పాపం, అవ్వ అబద్ధాలకోరు అయిపోతుంది. ఎంత అన్యాయం!

అనం పరుగున వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఆగుండ్రి అంకుల్! అవ్వ చెప్పేది నిజమే. రాయి నేనే జరిపిన."

"చుప్! పెద్దోళ్ల మాటల్ల నీకేం పని?" అబ్బా కసిరాడు.

"ఉత్తగ చెప్తలేను అబ్బా. చూపిస్త."

హద్దు రాయి పాతేటప్పుడు గుంతలో బొగ్గులు పోస్తారు. రాయి కదిలినా బొగ్గులు అక్కడే ఉంటాయి. ఆ సంగతి ఒకప్పుడు అవ్వే చెప్పింది. అనం ఖుర్పీ తెచ్చి, కంచెకు ఇవతల, రాయి మొదట ఉన్నచోట తవ్వడం మొదలుపెట్టింది. నేల గట్టిగా ఉంది. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ఆపలేదు. మోచేతి లోతున నల్లటి బొగ్గులు బయటపడ్డాయి.

అబ్బా ఆ గుంత ముందు గొంతుక్కూర్చున్నాడు. ఓ బొగ్గు చేతిలోకి తీసుకుని అవ్వ వైపు తిరిగాడు.

"మాఫ్ చెయ్యి అవ్వా. నోరు జారిన. రేపే కడీలు జరుపుత."

"నన్ను గూడ మాఫ్ చెయ్యి అవ్వా" అంది అనం తల దించుకుని.

"సరే తియ్యి. మొదలు పిల్ల చేతులు చూడు, ఏజాజూ!"

యాదగిరి అంకుల్ మళ్లీ టేపు తీశాడు. "జాగ సంగతి తేలింది. ఇంట్ల ఇంకేమన్న తక్కువున్నదా అన్నా?"

"ఏం లేదు, పక్కా ఇల్లు..." అబ్బా అంటుండగానే అనం అందుకుంది.

"ఉన్నది అంకుల్. వానొస్తే వంటింట్ల ఓ మూల కురుస్తది. అమ్మీ బకెట్ పెడతది."

అబ్బా తల పట్టుకున్నాడు. అవ్వ పకపకా నవ్వింది.

"ఆ మూల నేను బాగు చేయించుకుంటలే" అని యాదగిరి అంకుల్ టేపు కొన అనం చేతికిచ్చాడు. "పట్టుకో బిడ్డా. కొలత నువ్వే చెప్పు."