మాట అందించని అబ్బాయి

"తాళంచెవి తాతయ్యా, తాళంచెవి. తా... తా... తాళం..."

"ఏవండీ," అన్నాడు ఆసుపత్రి గదిలో బల్లకు అటువైపు కూర్చున్న అబ్బాయి, తాళంచెవి బొమ్మ ఉన్న కార్డు అలాగే పట్టుకుని. "వైద్యం ఎవరికి? తాతగారికా, మీకా?"

"తాతయ్యకే."

"మరి జవాబులన్నీ మీరే చెప్పేస్తున్నారు. మీకు మాట బాగానే వచ్చినట్టుందే."

తాతయ్య నవ్వాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. అందుకని మనవరాలు నాలుక చివరిదాకా వచ్చిన తిట్టును మింగేసింది. కానీ కళ్లతో తిట్టింది. అది ఆ అబ్బాయికి బాగానే అందింది. చెవులు ఎర్రబడ్డాయి.

ఇంట్లో ఆమెను అందరూ రేడియో అంటారు. పేరు పెట్టింది తాతయ్యే. కట్టేసే బటన్ లేని రేడియో అట. మనవరాలికి ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు. తాతయ్య బట్టల కొట్టులో సేల్స్‌మన్‌గా పనిచేశాడు. కర్టెన్ గుడ్డ కోసం వచ్చినవాళ్లకి కోటు గుడ్డ కూడా కట్టి పంపేవాడు. వాళ్లు థాంక్స్ చెప్పి మరీ వెళ్లేవాళ్లు.

అలాంటి మనిషి ఒక ఉదయం వంటగది గుమ్మంలో కుప్పకూలాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి. మాట రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది, తను చెప్పబోతే మాత్రం ఒక్కటే వస్తుంది: "రెండు మీటర్లు." ఆకలేసినా రెండు మీటర్లే, టీవీ కట్టేయమన్నా రెండు మీటర్లే.

"మాట అందించకూడదండీ," అన్నాడు ఆ అబ్బాయి బయటికొచ్చాక. మెడలోని బ్యాడ్జి మీద 'ట్రైనీ' అని ఉంది. స్పీచ్ థెరపీ చదువుతున్నాడు, చివరి సంవత్సరం. చొక్కా చేతులు ఒకటి పైకి, ఒకటి కిందికి మడిచి ఉన్నాయి. "ఆయన లోపల వెతుక్కుంటున్నారు. మీరు అందిస్తే వెతకడం మానేస్తారు. ఆగాలి."

"ఎంతసేపు?"

"ఆయనకి ఎంతసేపు పడితే అంతసేపు."

"నా వల్ల కాదు. నేను పుట్టినప్పుడే డాక్టరు కంటే ముందు మాట్లాడానట."

"నమ్ముతాను," అన్నాడు ట్రైనీ.

మరుసటి సెషన్ నుంచి రేడియో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. చేతులు కదలకపోతే నోరూ కదలదని ఆమె నమ్మకం. మాట్లాడే పని లేదు కాబట్టి చూడటం మొదలుపెట్టింది. తాతయ్యను చూసేది, కార్డును చూసేది, ఆ తర్వాత ట్రైనీని.

అతను ఎదురుచూస్తుంటే చూడాలి. గడ్డం కాస్త కిందికి దించుతాడు. నవ్వడు, ముఖం చిట్లించడు, గడియారం వైపు కన్నెత్తడు. ఈ ముసలాయన నోటివెంట వచ్చే ఆ ఒక్క ముక్క తప్ప లోకంలో తనకింకే పనీ లేనట్టు ఉంటాడు. రేడియోకి మొదట నచ్చింది ఆ ముఖమే.

వేసవి చివర్లో ఒకరోజు తాతయ్య కార్డు వైపు చూసి, పెదవులు బిగించి, చెమటలు కక్కి, "క... కప్పు," అన్నాడు.

రేడియో ఎగిరి లేచింది. తాతయ్య మెడ వాటేసుకుని, ఆ ఊపులో ట్రైనీ చొక్కా చెయ్యి కూడా పట్టుకుని ఊపేసింది. వదలడం మరిచిపోయింది. అతనూ గుర్తు చేయలేదు.

"రెండు మీటర్లు," అన్నాడు తాతయ్య, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. ఈసారి దాని అర్థం ఇద్దరికీ తెలిసిపోయి, చెరో గోడవైపు చూశారు.

ఆ రోజు క్యాంటీన్ బెంచీ మీద ఆమె అడిగింది. "ఈ చదువుకి ఉద్యోగాలొస్తాయా?"

"మీ నాన్నగారు అడగమన్నారా?"

"నాన్న అడిగితే ఇంత మెత్తగా ఉండదు. నేనే. కాలేజీలో మెయిన్ సబ్జెక్టు ఎంచుకోవాలి, ఈ నెలలోనే."

ట్రైనీ కేకు ముక్క పక్కన పెట్టాడు. "వస్తాయి. ఆసుపత్రుల్లో, మాట ఆలస్యమైన పిల్లల బడుల్లో, వినికిడి మిషన్ల కంపెనీల్లో. అనుభవం వచ్చాక సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. మొదట్లో జీతం మాత్రం చుట్టాలకి చెప్పుకునేలా ఉండదు. మా మామయ్య ఇప్పటికీ నేను ఉపన్యాసాలివ్వడం నేర్పుతాననుకుంటున్నాడు."

"బావుంది. ఇంకా భయపెట్టండి."

"నెలల తరబడి కష్టపడితే ఒక మనిషి నాలుగు మాటలు అంటాడు. కొందరు అవీ అనరు. అది తట్టుకోగలిగితేనే రండి."

"మీరెలా తట్టుకుంటారు?"

అతను కేకు ముక్క మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇక్కడ కేకు బావుంటుంది," అన్నాడు.

నాన్న ఎలక్ట్రీషియన్. ఆయనకి కేకు సంగతి చెప్పి లాభం లేదు.

"మాటలు నేర్పడానికి నాలుగేళ్ల చదువా? నీకు ఊరికే వస్తున్నాయిగా," అన్నాడు, పాడైన ఫ్యాను విప్పుతూ. "అకౌంట్స్ తీసుకో అమ్మలూ. ఏ ఊళ్లోనైనా, ఏ కంపెనీకైనా లెక్కలు చూసేవాళ్లు కావాలి. కుర్చీలో కూర్చుని చేసే పని. ఎండా వానా లేదు."

"ఒక్కసారి ఆసుపత్రికి వచ్చి చూడు నాన్నా. తాతయ్య కప్పు అన్నాడు."

"పనుంది."

"ఎప్పుడూ పనేనా? అమ్మ వస్తోంది, నేను వస్తున్నా. ఆయన నీకు నాన్న."

స్క్రూడ్రైవరు ఆగింది. ఆయన వేరే మాట అన్నాడు, మెల్లగానే, కానీ గుచ్చుకునేలా. "నీకు కావల్సింది ఆ కోర్సా, ఆ కోర్సు గురించి చెప్పిన కుర్రాడా?"

 రేడియో ఆ ప్రశ్న దిండు కింద పెట్టుకునే పడుకుంది. రెండూ కావాలి. కానీ ఏది ముందు? అతనికి తనంటే ఏమీ లేకపోతే, రేపు తరగతి గదిలో కూర్చున్నప్పుడల్లా తను ఎవరి వెనకాలో పరిగెత్తి వచ్చినట్టే కదా. అడిగేస్తే సరి అనుకుంది. మాట్లాడటం తనకేమైనా కొత్తా?

కాలేజీలో కౌన్సెలింగ్‌కి ముందురోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. అమ్మ తాతయ్యను ఆటోలో ఎక్కించుకుని వెళ్లింది. ఆసుపత్రి పోర్టికోలో వీళ్లిద్దరే మిగిలారు. వాన గాలికి పక్కకి వాలి, ఇద్దరి పాదాలనూ ఒకేసారి తడుపుతోంది. రేడియోకి ఆ సంగతి ఎంతో ముద్దుగా అనిపించింది.

"రేపేగా? ఏం తీసుకుంటున్నారు?" అన్నాడు ట్రైనీ.

"మీ కోర్సే. నాన్న వద్దంటున్నాడు. నాన్న ఏమంటాడంటే, నేను కోర్సు కోసం కాదట..." ఆగింది. "అంటే, ఆ పని నాకిష్టమే. నిజంగా. కానీ అదొక్కటే కాదు. నాకు... నేను..."

మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక రేడియోకి మాట రాకపోవడం అదే మొదలు. అతని వైపు చూసింది. ఏదో ఒకటి అంటే చాలు. "నాకూ" అన్నా చాలు, మిగతాదంతా తను చెప్పేసేది.

అతను గడ్డం కాస్త దించాడు. నవ్వలేదు. కళ్లు ఆమె మీదే పెట్టి ఎదురుచూశాడు.

అతని గుండె ఎలా కొట్టుకుంటోందో వానకే తెలియాలి. కానీ ఇప్పుడు తను ఒక్క మాట అందిస్తే అది తన కోరికే అవుతుందనీ, ఆ అమ్మాయి రేపు చదువు ఎంచుకోవాల్సింది తన నోటిమాట పట్టుకుని కాదనీ అతను అనుకున్నాడు. నేర్చుకున్న చదువు ప్రకారం ఆగాడు.

ఆమెకి కనబడింది మాత్రం ఆ ముఖం. తాతయ్యకి చూపించే ముఖం. ఆయన తర్వాత వచ్చే పిల్లాడికీ, వాడి తర్వాత వచ్చే ముసలామెకీ చూపించే ముఖం.

"ఏం లేదు," అంది. "వాన తగ్గేలా లేదు." అని వానలోకే నడిచింది.

మర్నాడు కౌన్సెలింగ్ గదిలో అకౌంట్స్ అని చెప్పింది. "మొదటి టర్ము పరీక్షల్లోపు మనసు మారితే, సీటుంటే మారొచ్చు," అన్నాడు గుమస్తా. "మారదండీ," అంది రేడియో. నాన్న ఆ సాయంత్రం కొత్త కాలిక్యులేటర్ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ దానివైపు చూశారు, ఒకరివైపు ఒకరు చూసుకోలేదు.

క్లాసుల వంకతో ఆమె ఆసుపత్రికి వెళ్లడం మానేసింది. కొన్నాళ్లకి ట్రైనీకి అక్కడ శిక్షణ అయిపోయి, వేరే ఊరి ఆసుపత్రికి వేశారు. "చివరి రోజు అడిగాడే, రేడియో రాలేదా అని," అంది అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతూ. రేడియో పుస్తకంలో పేజీ తిప్పింది. అటుపక్క పేజీలో ఏముందో ఆమెకి తెలియదు, ఇటుపక్క ఏముందో కూడా.

కొత్తగా వచ్చినావిడ దగ్గర తాతయ్యకి పొసగలేదు. దాంతో సాయంత్రాలు కార్డులు పట్టుకుని రేడియోయే ఎదురుగా కూర్చునేది. కప్పు తర్వాత కిటికీ వచ్చింది. కత్తెర వచ్చింది. చాలు అనే మాట వచ్చింది. అది వచ్చాక ఆయన అన్నం దగ్గర పదేపదే వాడుతూ మురిసిపోయేవాడు.

ఒక సాయంత్రం, లైటు వేస్తుండగా, తాతయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కార్డులు చేతిలో లేవు. ఏదో చెప్పాలనుకుంటున్నాడు, తనంతట తాను.

"ర..." అన్నాడు. "ర... ర..."

ఏమైనా కావచ్చు. రేడియో కావచ్చు, రేపు కావచ్చు, రా అనే పిలుపే కావచ్చు. నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఆమె పళ్లబిగువున ఆపుకుంది. ఆగింది. పక్కనున్న టీ మీద మీగడ కట్టింది. చివరికి తాతయ్య అలసిపోయి, చిన్నగా నవ్వి, ఆమె చేతిమీద తట్టి వదిలేశాడు.

"రేపు చెబుదువులే తాతయ్యా," అంది.

తెల్లారాక ఆయన లేవలేదు.

ఇల్లు జనంతో నిండింది, మళ్లీ ఖాళీ అయింది. రేడియో మాట్లాడటం మానేసింది. అడిగితే జవాబిచ్చేది, అంతే. ఆమె అలా ఉంటే ఇల్లు ఎంత పెద్దదో అందరికీ తెలిసొచ్చింది. నాన్న అవసరం లేకపోయినా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే ట్రైనీ. కబురు ఆలస్యంగా అందిందట. చొక్కా చేతులు ఈసారి కూడా ఒకటి పైకి, ఒకటి కిందికి.

వరండాలో కూర్చున్నారు.  ఆమే ముందు అంది, నేలవైపు చూస్తూ.

"ఆగానండీ. మీరు చెప్పినట్టే ఆగాను. ర అన్నాడు. నేను నాలుగు మాటలు అందించి ఉంటే ఒకదానికి తల ఊపేవాడు. ఏం చెప్పాలనుకున్నాడో తెలిసేది. ఇప్పుడిక తెలీదు. మీరు చెప్పండి, నేను చేసింది తప్పా?"

"తెలీదు," అన్నాడు ట్రైనీ.  "నాకూ అందించొద్దనే నేర్పారు, నేనూ మీకదే చెప్పాను. అక్కడ కొత్త ఆసుపత్రిలో ఒకావిడ, ఇక ఎక్కువ రోజులు లేవు, భర్త పేరు కోసం వెతుక్కుంటోంది. రోజూ వెతుక్కుంటోంది. నేను ఆగలేక చెప్పేశాను. ఆవిడ ఆ పేరు నా వెనకే పలికి, కళ్లు మూసుకుని నవ్వింది. మా మేడమ్ తిట్టలేదు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు అందించాలో ఇంకా నాకు రాలేదండీ. ఈ సంగతి ముందే తెలిసుంటే మీకు అలా చెప్పేవాణ్ని కాదు."

వరండా బయట ఎవరో సైకిలు మీద వెళ్లారు.

"పోర్టికోలో కూడా అంతే. మీ మాట అందుకోవాలని ఉన్నా ఆగాను," అన్నాడు.

"అప్పుడు మీది ఆసుపత్రి ముఖం."

"నాకున్నది ఒకటే ముఖమండీ."

ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలో విరిగి ఏడుపైంది. తాతయ్య పోయాక అదే మొదటి ఏడుపు. అతను చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక తన మోకాలి మీదే పెట్టుకున్నాడు.

"నా మాట నేను చెప్తాను," అన్నాడు. "నాకు మీరంటే ఇష్టం. మీరు అకౌంట్స్ చదివినా ఇష్టమే. జవాబు ఇవాళ వద్దు."

గుమ్మంలో నాన్న ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. ఎంత విన్నాడో ముఖమే చెబుతోంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ట్రైనీని కాకుండా కూతుర్ని అడిగాడు.

"ఆయన చివరికి ఏమేం మాటలన్నాడమ్మలూ?"

"కప్పు. కిటికీ. చాలు. కత్తెర."

"కత్తెర అన్నాడా?" నాన్న ముందుకు వంగాడు. "కొట్టులో ఆ కత్తెర నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి దొంగతనంగా తీసి గాలిపటం కత్తిరించా. సాయంత్రం షాపు కట్టేదాకా నన్ను ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, వచ్చిన ప్రతివాడికీ చూపించి, ఈ గుడ్డ మీటరెంతకి తీసుకుంటారండీ అని బేరం పెట్టాడు." నవ్వాడు. నవ్వుతూనే అరచేత్తో కళ్లు అదుముకున్నాడు. "అంతలా మాట్లాడే మనిషి నోరు తెరిచి వెతుక్కుంటుంటే చూడలేకపోయాను. ఒక్కరోజు కూడా ఆ గదిలోకి రాలేదు. నువ్వు కూర్చున్నావు, రోజూ."

నాన్న ముఖం తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"పరీక్షలు మొదలయ్యాయా?"

"వచ్చే వారం."

"అయితే రేపు వెళ్లి ఆ కోర్సులో సీటుందేమో అడుగుదాం. నేనూ వస్తా."

"ఆ కుర్రాడి కోసమేనా అని అడగవా నాన్నా?"

"అడగను." నాన్న లేచి ట్రైనీ భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఆనించాడు. "జీతం సంగతి మాత్రం తర్వాత నిన్ను అడుగుతా బాబూ," అని లోపలికి వెళ్లిపోయాడు.

ఇద్దరే మిగిలారు. తాతయ్య ఏం చెప్పబోయాడో ఇక ఎప్పటికీ తెలియదు. తెలియకుండానే బతకాలి. ఆ బరువు అలాగే ఉంది. అయినా ఎదురింటి గోడ మీద ఎండ నారింజ రంగులోకి తిరగడం ఆమె కంటబడింది. ఇన్నాళ్లూ అక్కడ ఎండే పడనట్టు చూసింది.

ట్రైనీ లేచి సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"సాయంత్రం బస్సుకేనా?" అంది రేడియో.

"అవును."

"దాని తర్వాత ఇంకోటి ఉందా?"

"ఉంది."

"అయితే దానికి వెళ్లండి."