రిచర్డ్ సాయెబు డాష్‌బోర్డు

నిమ్‌పురా రైల్వే యార్డు వెనక ఒక రేకుల షెడ్డుంది. చీకటి పడ్డాక అటు వెళ్లొద్దని పూరీ గేట్ టీకొట్టులో ఎవరినడిగినా చెప్తారు. అందులో రిచర్డ్ సాయెబు పాత అంబాసిడర్ ఉంది. సాయెబు పోయి పదేళ్లయింది గానీ, కారు మాత్రం దిగలేదట. వైపర్ స్విచ్చి తిప్పితే డాష్‌బోర్డులో ఎడమ ఇండికేటర్ లైటు వెలుగుతుంది. హారన్ నొక్కితే పెట్రోలు ముల్లు లేస్తుంది... ముగ్గురు మెకానిక్కులు పానాలు అక్కడే పారేసి పరిగెత్తారు. సాయెబు భార్య ఏంజెలా మాత్రం బ్యాటరీ ఎప్పటికప్పుడు ఛార్జి చేయిస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇదంతా విని విశ్వనాథ్ నవ్వాడు. ముప్పయ్యేళ్లు రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంటులో వైర్లతో బతికి రిటైరైన మనిషి. ఆ పని నేర్పిన గురువు రిచర్డ్ సాయెబే. ఆదివారం సాయెబు మనవరాలు షైని పెళ్లికి ఆ కారులోనే చర్చికి వెళ్లాలని ఏంజెలా కోరిక. దాన్ని నేను నడిపిస్తానని టీకొట్టులో నలుగురి ముందూ మాటిచ్చేశాడు. ఇక వెనక్కి తగ్గితే తలెత్తుకు తిరగలేడు.

శుక్రవారం, పొద్దుగూకింది. రైల్వేలో ఏ సామానూ పరీక్షించకుండా బిగించరు. అందుకని డాష్‌బోర్డు వైర్లతో సహా ఊడదీసి, బల్ల మీద చెక్కపలక వేసి దానిమీద పెట్టాడు. పాడైన వైర్లు మార్చి, సాయెబు కట్టినట్టే మళ్లీ కట్టాడు. బ్యాటరీ తగిలించి వైపర్ స్విచ్చి తిప్పాడు...

ఎడమ ఇండికేటర్ — మసగ్గా — వెలిగింది.

డిసెంబరు చలిలో చెమట పట్టింది. హారన్ నొక్కాడు. పెట్రోలు ముల్లు మెల్లగా లేచింది. కారు అల్లంత దూరాన ఉంది. ట్యాంకుకీ దీనికీ మధ్య ఒక్క వైరు కూడా లేదు...

పారిపోదామంటే టీకొట్టు గుర్తొచ్చింది. హిజ్లీలో ఇంజనీరింగు చదువుతున్న కూతురు మైథిలికి ఫోన్ చేశాడు.

"ట్యాంకే లేదు... ముల్లు లెగుస్తందే," అన్నాడు గుసగుసగా.

కూతురు తాపీగా అడిగింది. "నాన్నా, బాడీకి ఎర్త్ ఇచ్చినావా?"

ఇవ్వలేదు. ఎందుకిస్తాడు? సిగ్నల్ వైరు ఇనుముకి తగలకూడదన్నది సాయెబు నేర్పిన మొదటి పాఠం. కారులో ఇనుప బాడీయే కరెంటు తిరిగొచ్చే దారి. ఆ దారి మూస్తే కరెంటు కనపడిన లైట్లోకీ మీటర్లోకీ దూరుతుంది. పోయే ముందు నెలలో కారు తనే బాగుచేసుకుంటూ సాయెబు కూడా ఎర్త్ వైరు పీకి, నీటుగా టేపు చుట్టి పెట్టాడు. విశ్వనాథ్ ఆ టేపు విప్పి వైరుని డాష్‌బోర్డు రేకుకి బిగించాడు. ఏ స్విచ్చి పని ఆ స్విచ్చి చేసింది. దెయ్యం పోయింది.

పక్కింట్లో ఉన్న ఏంజెలాని పిలిచి గర్వంగా చూపించాడు. రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన ఆవిడకి తెలుగు బాగానే వచ్చు. అంతా విని, వైపర్ స్విచ్చి మీద చెయ్యేసింది.

"రోజూ సాయంకాలం కార్లో కూసుని స్విచ్చి తిప్పి ఆయన్ని అడుగుతాను బాబూ. లైటెలిగితే అవునని... మరి పదేళ్లూ నాకు జవాబు సెప్పిందెవరు?"

గొప్ప పని చేశాననుకున్న విశ్వనాథ్‌కి సిగ్గేసింది.

"ఆదివారానికి నువ్వన్నట్టే బిగించు. ఈ ఒక్క పూటా ఆ వైరు తీసియ్యి. పెళ్లి సంగతి ఆయనకి సెప్పాల."

టీకొట్టులో ఎవరికీ చెప్పుకోలేని పని... దెయ్యాన్ని తరిమినవాడే మళ్లీ పిలవాల్సొచ్చింది. ముందు కరెంటు తీసి తర్వాత వైరు ముట్టుకోవాలన్నది సాయెబు రెండో పాఠం. విశ్వనాథ్ బ్యాటరీ క్లిప్పు లాగి ఎడమచేత్తో పట్టుకుని, ఎర్త్ వైరు విప్పాడు. ఆవిడ ఆగలేకపోయింది. అలవాటుగా వైపర్ స్విచ్చి తిప్పింది.

"రిచర్డ్... పిల్లని దీవిస్తావా?"

ఎడమ ఇండికేటర్ వెలిగింది.

ఏంజెలా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. విశ్వనాథ్ మాత్రం ఇంకా తన ఎడమచేతిలోనే ఉన్న బ్యాటరీ క్లిప్పుని చూస్తూ ఉండిపోయాడు.