అక్క బల్లమీద పరిచిన పగుళ్లు

ఆదివారం ఉదయం, అమ్మ ఇల్లు. అమ్మ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది, అక్క వంటింట్లో టీ కాస్తోంది. చెల్లెలు తలుపు తోసుకుని వచ్చి హ్యాండ్‌బ్యాగు సోఫాలోకి విసిరింది. ఆ విసురు చూస్తేనే తెలిసిపోతుంది, టీ తాగడానికి రాలేదని.

"ఆ ఒప్పందం మీద నేను సంతకం పెట్టడం లేదు," అంది వంటింటి గుమ్మంలో నిలబడి.

అక్క స్టవ్ ఆపేసింది. "పొద్దున్నే ఏమిటే ఈ గోల? రేపే ఆఖరిరోజు. నువ్వు పెట్టకపోతే నిధులు ఇద్దరికీ రావు. మాకు ఇంకో దారి ఉంది. మూతపడేది మీ ల్యాబే."

"పడనీ!"

ఇద్దరూ చేసే పని ఒక్కటే. మంటలంటుకోని బ్యాటరీ కోసం, లోపల అడ్డుగా పెట్టే పల్చటి పింగాణీ పలక తయారు చెయ్యాలి. ల్యాబులు మాత్రం వేరు, పైగా ఒకరంటే ఒకరికి పడదు. ఇప్పుడు నిధులిచ్చే సంస్థ ఒక మెలిక పెట్టింది. రెండు ల్యాబులూ చేయి కలిపితేనే డబ్బు. పనికొచ్చినవే కాదు, పగిలినవి కూడా ఒకచోట పెట్టాలి. ఒకరు పడిన గోతిలోనే ఇంకొకరూ పడుతూ ఉంటే కొత్త పదార్థం ఎప్పటికి బయటికొస్తుందని వాళ్ల వాదన. సబబైన మాటే. నిన్న మీటింగులో అక్క తన పగిలిన పలకలు బల్లమీద పరిచింది. వాటిలో ఒకదాన్ని చూసిన దగ్గర్నుంచీ చెల్లెలు రగిలిపోతోంది.

"ఆ జింకు కలిపిన పలక నాన్న పోవడానికి చాలా ముందే పగిలిందట కదా. ఎంత తీరుబడిగా చెప్పావక్కా అందరి ముందూ!"

అక్క టీ గిన్నె దించి గట్టుమీద పెట్టింది.

"అదే మిశ్రమం పట్టుకుని, పలకలు కాల్చే కొలిమి ముందు చచ్చాను నేను. నాన్నకి బాగాలేదని నువ్వు ఫోన్ చేస్తే, కొలిమి మధ్యలో ఆపలేను, తెల్లారాక వస్తానన్నాను. వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు! ఆ పలక పగులుతుందని నీకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నావు!"

"నువ్వు చేస్తున్నది అదేనని నాకు కలొచ్చిందా? అడిగితే ఎప్పుడైనా చెప్పావా? మా డైరెక్టరు బయట పెదవి విప్పొద్దన్నాడు."

"మనల్ని కన్నది డైరెక్టరా?"

తడిచీర భుజాన వేసుకునే వచ్చేసింది అమ్మ. "ఆపండిక! ఆయన ఆఖరిదాకా నర్సులకి మీ గొప్పలే చెప్పుకున్నాడు. ఈ అరుపులు వినలేదు, అదృష్టవంతుడు."

అక్క అమ్మ వైపు తిరిగింది. "నేనేదో సుఖపడిపోతున్నాననుకుంటోందమ్మా ఇది. టైటానియం కలిపిన పలక మొదలుపెట్టాక నేను ఇంటి ముఖం చూసిందెప్పుడు? నా పిల్ల పరీక్షలు రాస్తుంటే ఒక్కరోజు పక్కన కూర్చోలేదు. అది నాతో మాట్లాడ్డమే మానేసింది. ఈ ఒక్కటీ నిలబడితే చాలు."

టైటానియం. ఆ పేరు వినగానే చెల్లెలు గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

ఆ పలక కొలిమిలో బ్రహ్మాండంగా నిలబడుతుంది. బ్యాటరీలో పెట్టి చార్జింగు చేశాకే నల్లబడి పొడైపోతుంది. చెల్లెలు ఆ పని ఎప్పుడో చేసి చూసింది. ఆ పొడి నిన్న బల్లమీద పెట్టలేదు, మరిచిపోయి కాదు. అక్క దానిమీదే పడి ఉందని తెలిసినప్పుడు, కొన్నాళ్లు తిప్పలు పడనీ అని లోపల్లోపల సంబరపడింది కూడా. ఇప్పుడు ఆ సంబరం తలచుకుంటే తనమీద తనకే అసహ్యం వేసింది.

"అక్కా, అది నిలబడదు."

"ఏది?"

"టైటానియం. చార్జింగు పెట్టాక పొడైపోతుంది. నేను చేశాను."

టీ గ్లాసు అందుకున్న అక్క ఇటు తిరిగింది. "ఎప్పుడు?"

"నువ్వు మొదలుపెట్టకముందే."

"ఎంత పని చేశావే!" అక్క చేతిలోని గ్లాసు సింకులోకి విసిరికొట్టింది. "నా పిల్లనే దూరం చేసుకున్నానే దీనికోసం!"

"తిట్టు. కొట్టు. నాలుగు రోజులు నాతో మాట్లాడకు." చెల్లెలు వెక్కివెక్కి ఏడుస్తోంది. "కానీ ముందు టైటానియం కాలుతున్న ఆ కొలిమి ఆపించి, మీ ఇంటికి, పిల్ల దగ్గరికి వెళ్లక్కా."

అక్క పైటకొంగుతో ముఖం తుడుచుకుని, ఫోన్ తీసి ల్యాబుకి చేసింది. "కొలిమి ఆపెయ్యండి. అవును, ఇప్పుడే." అవతలివాళ్లు ఏదో గట్టిగా అడుగుతున్నారు. అక్క చెల్లెలి వైపు చూసింది. కళ్లలో కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఫోన్ ఆమె చేతిలో పెట్టింది.

"కారణం మా చెల్లెలు చెబుతుంది, వినండి."